ఉక్కు కామ, గ్రాఫైట్ కామ

గొడ్డలికి కామ ఎలాగో గోల్ఫ్ కర్రకు షాఫ్టు అలాగ. పూర్వం దాన్ని అమెరికా హికరీ చెక్కతో చేసేవారు. దెబ్బకు ఆ చెక్క మెలితిరిగేది. ఏ రెండు కర్రలూ ఒక్కలా ఉండేవి కావు. ఒకే తీరుగా తయారయ్యే ఉక్కు గొట్టాలను అమెరికా 1924లో, బ్రిటన్ 1929లో ఆటలోకి అనుమతించాయి. అయినా 1930లో బాబీ జోన్స్ నాలుగు పెద్ద పోటీలూ హికరీతోనే గెలిచాడు. మరుసటి ఏడు బిల్లీ బర్క్ ఉక్కు కామలతో యు.ఎస్. ఓపెన్ గెలిచాడు. హికరీ కాలం ముగిసింది.

1970 ప్రాంతంలో గ్రాఫైట్ వచ్చింది. బరువు తక్కువ, చేతికి అదురూ తక్కువ. బంతిని అనుకున్న దూరంలోనే దింపవలసిన ఐరన్ కర్రలకు మాత్రం నిపుణులు ఎక్కువగా బరువైన ఉక్కునే నమ్ముకున్నారు. వయసు మళ్ళినవారికి, మోచేతి నొప్పి ఉన్నవారికి గ్రాఫైట్ ఆటను దక్కించింది. కామను ఎంచేటప్పుడు ముందు చూడవలసింది దాన్ని పట్టే చేతిని.