పాత వైన్

మూత తీయకుండా ఏళ్ల తరబడి నిలవ ఉన్న ద్రాక్ష వైన్. వరంగల్‌లో ‘వైన్స్’ అంటే మద్యం దుకాణం. ఆ బోర్డు కింద ఎక్కువగా అమ్ముడుపోయేది బీరూ విస్కీలే. అసలు వైన్ సీసా చాలా ఇళ్లకు అమెరికా నుంచో దుబాయ్ నుంచో వచ్చిన చుట్టాల సూట్‌కేసులో చేరుతుంది. తాగే అలవాటు లేని ఇంట్లో అది షోకేసులోనో అటక మీదో ఉండిపోతుంది. ఐదారేళ్లకు ఇల్లు సర్దేటప్పుడు ప్రశ్న పుడుతుంది: ఇది ఇంకా పనికొస్తుందా?

రుచి చెడి ఉండవచ్చు గాని, విషమయ్యే అవకాశం చాలా తక్కువ. వైన్‌లో ఆల్కహాల్ సాధారణంగా 11 నుంచి 14 శాతం ఉంటుంది, పులుపూ ఎక్కువే (పీహెచ్ 3, 4 మధ్య). రోగాలు తెచ్చే సూక్ష్మజీవులు అందులో పెరగలేవు. సల్ఫైట్లు మరో కాపలా. నిలవ ఉన్నంత మాత్రాన మిథనాల్ పుట్టుకురాదు; ఆ భయం కల్తీ సారా విషయంలో. 10 శాతం, ఆపైన ఆల్కహాల్ ఉన్న మద్యానికి గడువు తేదీ ముద్రించాలన్న నియమాన్ని మన ఆహార భద్రతా నిబంధనలు సడలించాయి.

కల్లుది దీనికి పూర్తిగా ఎదురు కథ. తాటి, ఈత గీత నుంచి లొట్టిలో పడుతుండగానే అది పులియడం మొదలుపెడుతుంది. పొద్దున తియ్యగా ఉన్నది మాపటికి పుల్లబడుతుంది, ఇంకా ఉంచితే వెనిగర్ దారి పడుతుంది. ఆల్కహాల్‌ను వెనిగర్‌గా మార్చే బ్యాక్టీరియాకు గాలి కావాలి. లొట్టికి మూత లేదు, సీసాకు ఉంది. తేడా అంతా అక్కడే.

ఆ మూతకు శత్రువు ఓరుగల్లు ఎండ. వైన్ నిలవకు 12 నుంచి 15 డిగ్రీల చల్లదనం కావాలి. ఇక్కడ మే నెలలో పగటి వేడి 40 దాటుతుంది, రేకుల ఇంటి అటక మీద ఇంకా ఎక్కువ. వేడికి వైన్ వ్యాకోచించి బిరడాను పైకి నెడుతుంది, చల్లారినప్పుడు సందుల్లోంచి గాలి లోపలికి పోతుంది. పాతబడిన కొద్దీ మేలన్న మాట కొద్దిపాటి ఖరీదైన రకాలకే చెల్లుతుంది. మిగతావి కొన్నేళ్లలో తాగడానికే తయారవుతాయి.

సీసాను వెలుతురుకు ఎత్తి చూస్తే అడుగున గాజు పెంకుల్లాంటి పలుకులు మెరవవచ్చు. అవి టార్టారిక్ ఆమ్ల లవణపు స్ఫటికాలు, హాని లేదు. ఎర్ర వైన్‌లో మడ్డి పేరుకోవడమూ మామూలే. పైకి లేచిన బిరడా, మెడ చుట్టూ జిగట, గోధుమరంగుకు తిరిగిన తెల్ల వైన్ మాత్రం చెడిపోయినదానికి గుర్తులు.

వైన్ చెడిపోయి ఉండకూడదన్న మాటను నియమంగా పాటించేది చర్చి. 1952లో ఏర్పడిన వరంగల్ కతోలిక మేత్రాసనానికి కూడా వర్తించే 1983 నాటి చర్చి చట్టం 924వ నిబంధన ప్రకారం పూజలో వాడే ద్రాక్షారసం సహజమైనదై, చెడిపోనిదై ఉండాలి.

జర్మనీలోని స్పయర్ మ్యూజియంలో 4వ శతాబ్దపు వైన్ సీసా ఒకటి మూత తీయకుండానే ఉంది. దాన్ని ఎవరూ రుచి చూడరు. మన అటక మీది సీసాను మాత్రం మూత తీసి వాసన చూడొచ్చు. పుల్లటి వెనిగర్ ఘాటు కొడితే తాగడానికి పనికిరాదు. బూజు వాసన వేస్తే కూరకూ వద్దు, పారబోయండి.