బానెట్ ఎత్తడం తెలిసిన ఓనర్లు

విజయవాడ ఆటోనగర్‌లో నేను స్పానర్ పట్టిన తొలిరోజుల్లో షెడ్డుకొచ్చే ఓనర్లంతా సగం మెకానిక్కులే. ప్లీడరైనా, డాక్టరైనా, పొగాకు వ్యాపారం చేసే ఆసామి అయినా, కారు దిగుతూనే "మూడో సిలిండర్ పనిచెయ్యట్లేదు మేస్త్రీ, ప్లగ్గు మార్చి చూశాను" అనేవారు. ఏ ప్లగ్గు మార్చారో, పాతది ఏ రంగుకు తిరిగిందో కూడా చెప్పేవారు. తడి నల్లగా ఉంటే ఆయిల్ పైకొస్తోందని, పొడి మసిలా ఉంటే పెట్రోలు ఎక్కువ పడుతోందని వాళ్లకు తెలుసు. ఇప్పటి ఓనర్లను నేను తక్కువ చేసి మాట్లాడను, వాళ్ల కార్లకు ఆ అవసరం లేదు. కానీ ఆ తెలివి ఎలా పుట్టిందో, ఎలా పోయిందో ఎవరో ఒకరు రాసిపెట్టాలి.

దాన్ని పుట్టించింది కొరత. స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వం విదేశీ కార్ల దిగుమతిని బిగించింది. ఇక్కడ విడిభాగాలు తెచ్చి కార్లు కూర్చే జనరల్ మోటార్స్, ఫోర్డ్ కంపెనీలు 1950లలోనే తట్టాబుట్టా సర్దుకున్నాయి. మిగిలినవి మూడు. బెంగాల్ ఉత్తర్‌పారాలో హిందుస్తాన్ మోటార్స్ వాళ్ల అంబాసిడర్, బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వాళ్ల ఫియట్, మద్రాసు నుంచి 1961లో వచ్చిన స్టాండర్డ్ హెరాల్డ్. మన అంబాసిడర్ ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఒంటితో వచ్చింది. ఫియట్ 1100 డి 1964లో వచ్చి, తరవాత ప్రీమియర్ పద్మిని పేరుతో 2000 ప్రాంతం దాకా తయారైంది. బుక్ చేసుకున్న కారు చేతికి రావడానికి ఏళ్లు పట్టేది. అంత ఎదురుచూసి తెచ్చుకున్న బండిని ఎవరు అమ్ముకుంటారు? తండ్రి కొన్నదాని మీద కొడుకు డ్రైవింగ్ నేర్చుకునేవాడు, మనవడు దాన్నే కాలేజీకి తీసుకెళ్లేవాడు. కొత్తది దొరకదు కాబట్టి ఉన్నదాన్ని బతికించుకోవాలి. పటమట పక్కన 1966లో వెలసిన మా ఆటోనగర్ ఆ అవసరం మీదే పెరిగింది.

అంబాసిడర్ ఇంజన్ 1489 సీసీ, నాలుగు సిలిండర్లు. బానెట్ ఎత్తితే ప్రతి భాగమూ చేతికందుతుంది. లోపలున్న ఆ ఖాళీ చోటే మాకు వరం. డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే లోపల రెండు చిన్న పాయింట్లుంటాయి. అవి విడిపోయిన ప్రతిసారీ కాయిల్‌లో హెచ్చు వోల్టేజి పుట్టి ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ రాలుతుంది. కొన్ని వేల కిలోమీటర్లకు పాయింట్ల ముఖం గుంటలు పడేది. ఎమరీ కాగితంతో రుద్ది, మధ్య ఎడం అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను ఉండేలా ఫీలర్ గేజ్ పెట్టి బిగించాలి. గేజ్ లేని ఓనర్లు పోస్టుకార్డు మడిచి ఎడం చూసుకోవడం నేనే చూశాను. లెక్క దాదాపు సరిపోయేది కూడా. టైమింగ్ మాత్రం మా మేస్త్రీ గారు చెవితోనే పట్టేవారు. ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు మీదికి మూడో గేరులో ఎక్కించి, లోపల టకటక చప్పుడు వస్తే డిస్ట్రిబ్యూటర్ని వెంట్రుకవాసి వెనక్కి తిప్పేవారు.

ఆయిల్ తాగడం మొదలైతే ఇంజన్ దింపడమే. కారుకు అది పెద్దాపరేషను, ఓనరుగారింట్లో ఆ నెల ఖర్చులన్నీ ఆగేవి. బ్లాకు లేత్ షాపుకెళ్లి బోరు చేయించుకు వచ్చేది. ఇక్కడా లెక్క అంగుళంలో వెయ్యో వంతుల్లోనే: మొదటిసారి ఇరవై సైజు, తరవాత నలభై, ఆపైన అరవై. గోడ ఇక పలచబడితే స్లీవు వేసి మళ్లీ మొదటి సైజుకు తెచ్చేవాళ్లం. వాల్వులకు పేస్టు రాసి, రబ్బరు కప్పు ఉన్న కర్రను రెండరచేతుల మధ్య తిప్పుతూ సీటు మీద నూరేవాళ్లం. కుర్రాళ్లకు ముందు నేర్పే పని అదే. బూడిదరంగు గీత చుట్టూ తెగకుండా పడేదాకా మేస్త్రీ గారు లేవనిచ్చేవారు కాదు. కొత్త రింగులతో బయటికెళ్లిన కారును ఓనరు మొదటి నెలంతా మెల్లగా నడిపేవాడు. 'రన్నింగ్ ఇన్' అని వెనకద్దానికి కాగితం అంటించి లారీలకు దారిచ్చేవాడు. పసిబిడ్డ తల్లిలాంటి ఓపిక అది.

ఎండాకాలం వేరే చదువు. మే నెల బెజవాడలో పెట్రోలు ఫ్యూయల్ పంపులోనే ఆవిరై, కారు నడిరోడ్డు మీద ఆగిపోయేది. ఓనరుగారి భార్య సీటు కిందినుంచి తడిగుడ్డ తీసి ఇచ్చేది. దాన్ని పంపు మీద కప్పి కాసేపు ఆగితే బండి కదిలేది. తిరుమల ప్రయాణమంటే రెండు బిందెల నీళ్లు డిక్కీలో తప్పనిసరి. 1944లో తెరిచిన ఘాట్ రోడ్డు మీద, రెండో దారి లేని రోజుల్లో, ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఎదురెదురు. మలుపుల పక్కన బానెట్లు ఎత్తి రేడియేటర్లు చల్లారబెట్టుకునే కుటుంబాలు గోవింద నామం చెప్పుకుంటూ నిలబడేవి. వేడి రేడియేటర్ మూత వెంటనే తెరవకూడదని ఆ ఇళ్లల్లో పిల్లలకు కూడా తెలుసు.

అలంకారాలంటారా, డ్యాష్‌బోర్డు మీద వెంకటేశ్వరస్వామి, సీట్లకు టర్కీ తువ్వాళ్లు, వెనకద్దానికి తెరలు, తరవాతి కాలంలో క్యాసెట్ల టేపురికార్డరు. అద్దాల నల్ల ఫిల్ములు 2012లో సుప్రీంకోర్టు తీయించేదాకా ఉన్నాయి. దసరాకు చక్రాల కింద నిమ్మకాయలు మాత్రం ఇంకా నలుగుతూనే ఉన్నాయి, ఉండాలి కూడా.

పెట్రోలు ధర పెరిగేకొద్దీ జనం డీజిల్ వైపు చూశారు. 1980 ప్రాంతంలో అంబాసిడరుకే డీజిల్ ఇంజన్ వచ్చింది. అంతకంటే చవకగా కావాలన్నవాళ్లు మటడోర్ వ్యాను ఇంజన్ తెచ్చి పెట్టమనేవారు. మౌంటింగులు కోసి, అతికి, దాన్ని అంబాసిడర్లో కూర్చోబెట్టేవాళ్లం. ఒళ్లంతా అదిరేది, కానీ నడిచేది. అప్పటి మా షెడ్ల పనితనానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ తొలి మారుతి తాళాలు ఇచ్చారు. 796 సీసీ, మూడు సిలిండర్లు, ముందు చక్రాలే లాగుతాయి, కింద ప్రొపెల్లర్ షాఫ్టే లేదు. మాకు మొదట నమ్మకం కుదరలేదు. నాలుగేళ్లు చూశాక ఒప్పుకున్నాం. తెల్లారి తాళం తిప్పితే స్టార్టయ్యేది. ఆడవాళ్లు ఒంటరిగా కారు తీసుకెళ్లడం మా ఊళ్లో ఆ కారుతోనే బాగా పెరిగింది, ఆ గౌరవం దానికివ్వాలి. గ్రీజు గన్ను మాత్రం అప్పుడే మూలపడింది. 2000 వచ్చేసరికి సీసం లేని పెట్రోలు, కంప్యూటర్ చూసుకునే ఇంజెక్షన్ వచ్చాయి. చోక్ లాగడం, పాయింట్లు రుద్దడం, కార్బురేటర్ జెట్ ఊదడం అన్నీ ఒక్క ఊపున పోయాయి. ఓనరు చేతికి పని లేకుండా పోయింది. తన బండి గురించి తనకు తెలుసన్న ధీమా కూడా దాంతోపాటే పోయిందని నా బాధ. ఇప్పుడు డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలిగితే భయపడి వస్తారు. బిల్లులో రాసింది అర్థంకాక, అడగడానికి మొహమాటపడి, చెల్లించి వెళ్తారు.

ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ 2014లో ఆగింది. అయినా మా వీధికి ఏడాదికి కొన్ని అంబాసిడర్లు, ఒకటో రెండో పద్మినీలు వస్తూనే ఉంటాయి. బుష్షులు లేత్‌లో తిప్పించుకుంటాం, బ్రేకు రబ్బర్లు ఎక్కడో వెతికి పట్టుకుంటాం. ఆ పని వచ్చినవాళ్లు మా వీధిలో చాలా తగ్గారు. అందుకే కొత్తగా చేరిన కుర్రాళ్లకు స్కానర్ ఇచ్చేముందు ఒక పాత డిస్ట్రిబ్యూటర్, ఫీలర్ గేజ్ చేతికిస్తాను. ఓనర్లు అడిగితే బానెట్ ఎత్తి, ఏది ఎందుకు మారుస్తున్నామో దగ్గర నిలబెట్టి చూపిస్తాను. అడగనివాళ్లను నేనే పిలుస్తాను.