గొంతు ఉంది, పేరేదీ?

వేదిక మీద ఒక పక్క కంప్యూటరూ, కీబోర్డులూ, చిక్కుపడిన వైర్లూ. ఇంకో పక్క కోరా, దఫ్, తబలా, వెదురు వేణువు. వీటన్నిటి మధ్యలోంచి ఒక స్త్రీ గొంతు లేస్తుంది. చాలాసార్లు ఆ స్త్రీ అక్కడ ఉండదు. మీట నొక్కితే గొంతు పలుకుతుంది, ఇంకో మీట నొక్కితే ఆగిపోతుంది. 1990ల నుంచి ‘ప్రపంచ సంగీతం’ పేరుతో జరుగుతున్న కచేరీలు చూసినవాళ్లకి ఇదేమీ కొత్త దృశ్యం కాదు. యంత్రం దగ్గర కూర్చున్నది ఎవరు, గొంతు ఇచ్చింది ఎవరు, కరపత్రం మీద ఎవరి పేరు ఉంది అని అడగడం మొదలుపెడితే మాత్రం ఈ సంగీతం చరిత్ర ఇంకో రకంగా కనిపిస్తుంది.

ఆ చరిత్ర పారిస్‌లో 1948లో పియర్ షాఫర్‌తో మొదలైందని చాలా పుస్తకాలు చెబుతాయి. రైలు చప్పుళ్లనీ, గిన్నెల చప్పుళ్లనీ రికార్డు చేసి, వాటిని మార్చి సంగీతంగా పేర్చాడాయన. కానీ అంతకు నాలుగేళ్ల ముందే, 1944లో, కైరోలో ఒక యువకుడు ఆ పని చేశాడు. ఆయన పేరు హలీం అల్ దబ్. చదివింది వ్యవసాయం. రేడియో స్టేషన్ నుంచి తీగ మీద రికార్డు చేసే బరువైన యంత్రం ఒకటి అరువు తెచ్చుకుని, ‘జార్’ అనే తంతు జరిగే చోటికి తీసుకువెళ్లాడు.

జార్ ఆడవాళ్లది. ఈజిప్టు, సూడాన్, ఇథియోపియాలలో ఉంది. ఒంట్లో చేరిన ఆత్మ వల్లే జబ్బు చేసిందని నమ్మిన స్త్రీ కోసం తక్కిన స్త్రీలు చేరి వాయించి, పాడి, ఆడతారు. మన పూనకాలు తెలిసినవాళ్లకి ఇది అర్థం కావడం కష్టమేం కాదు. కాకపోతే జార్‌లో ఆత్మని తరిమెయ్యరు. దాని కోరికలేమిటో విని, దానితో సర్దుబాటు చేసుకుంటారు. మామూలుగా నోరెత్తి అడగలేని కొత్త బట్టలూ, అత్తరూ, విశ్రాంతీ ఆ ఆత్మ నోటితో అడగొచ్చు. సూడాన్‌లో జార్ మీద జానిస్ బాడీ 1989లో ప్రచురించిన పుస్తకం ఈ సంగతుల్ని చాలా ఓపిగ్గా వివరించింది. ఈ తంతుని మతపెద్దలు తప్పన్నారు, సంస్కర్తలు మూఢనమ్మకమన్నారు. ఆడవాళ్లు మానలేదు.

మగవాళ్లకి ప్రవేశం లేదు కనక అల్ దబ్, ఆయన స్నేహితుడూ ఆడవాళ్లలా ముసుగు వేసుకుని లోపలికి వెళ్లారని ఆయన జీవితకథ చెబుతుంది. తెచ్చిన శబ్దాన్ని రేడియో స్టేషన్‌లో మళ్లీ మళ్లీ వడకట్టాడు. గొంతుల్లోని మూలస్వరాన్ని తీసేసి, దాని చుట్టూ మోగే అనుస్వరాల్ని మాత్రం ఉంచాడు. ప్రతిధ్వని కలిపాడు. మాటలు పోయాయి, మనుషులు పోయారు, దూరం నుంచి వినిపించే హోరులాంటిది మిగిలింది. అందులోంచి రెండు నిమిషాల ముక్క ఇప్పటికీ వినొచ్చు. వింటే ఒళ్లు జలదరిస్తుంది, అందులో సందేహం లేదు. అల్ దబ్ వలసపాలకుడు కాదు, తన నేల సంగీతం మీద ప్రేమ ఉన్నవాడు. 2017లో చనిపోయే దాకా ఆఫ్రికా సంగీతం కోసం పనిచేశాడు. ఆయనకి ఆలస్యంగానైనా దక్కిన గుర్తింపు న్యాయమైనదే. అయినా ఒకటి చెప్పుకోవాలి. ఎలక్ట్రానిక్ సంగీతపు తొలినాటి రచనల్లో ఒకదానికి ముడిసరుకు, మగవాళ్లు వినకూడదని ఆడవాళ్లు తమ కోసం దాచుకున్న పాట. వాళ్లలో ఒక్కరి పేరూ ఆ చరిత్రలో లేదు.

అఫునాక్వా సంగతి వేరు. ఆమె పేరు ఉంది, ఉండీ పోయింది.

పసిఫిక్ సముద్రంలోని సాలమన్ దీవుల్లో మలైటా అనే దీవి ఉంది. 1970 ప్రాంతంలో అక్కడి బైగూ ప్రజల పాటల్ని హ్యూగో జెంప్ అనే సంగీత శాస్త్రవేత్త రికార్డు చేశాడు. అఫునాక్వా ‘రోరోగ్వెలా’ అనే జోలపాట పాడింది. తల్లీతండ్రీ పోయిన పసివాడిని, వాళ్లు ఇక రారని చెబుతూనే, ఏడవొద్దని ఊరుకోబెట్టే పాట అది. 1973లో యునెస్కో వరసలో రికార్డు వచ్చింది. జెంప్ బాధ్యత తెలిసినవాడు కనక పాడిన మనిషి పేరు కూడా వివరాల్లో రాశాడు.

1992లో ఫ్రాన్సులో ఎరిక్ ముకే, మిషెల్ సాంషే అనే ఇద్దరు ‘డీప్ ఫారెస్ట్’ పేరుతో ఒక ఆల్బం చేశారు. రోరోగ్వెలా కింద సింథసైజర్లూ డ్రమ్ముల దరువూ పరిచి ‘స్వీట్ లలబై’ అన్నారు. లక్షల్లో అమ్ముడైంది, గ్రామీకి నామినేషన్ వచ్చింది, వ్యాపార ప్రకటనల్లో మోగింది. ఆల్బం మీద అంతా మధ్య ఆఫ్రికా అడవుల మాటే. యునెస్కోకీ, ఇద్దరు సంగీత శాస్త్రవేత్తలకీ కృతజ్ఞతలు చెప్పారు. ఆ శాస్త్రవేత్తల పేర్లు అచ్చుతప్పులతోనైనా ఎక్కాయి. అఫునాక్వా పేరు అచ్చుతప్పుతో కూడా ఎక్కలేదు. అడవుల పరిరక్షణ కోసమనుకుని నోటిమాటగా ఒప్పుకున్నానని జెంప్ 1996లో ఒక వ్యాసంలో వాపోయాడు. ఆ ఏడాదే నార్వే శాక్సఫోన్ విద్వాంసుడు యాన్ గార్బరెక్ అదే వరసని వాయించి, దాన్ని పిగ్మీల జోలపాట అన్నాడు. ఈసారి గొంతే లేదు. ముందు మనిషి పోయింది, తర్వాత ఊరు పోయింది, చివరికి ఖండమే మారిపోయింది. 2000లో స్టీవెన్ ఫెల్డ్ ఈ ప్రయాణాన్నంతా ఒక పెద్ద వ్యాసంలో నమోదు చేశాడు. అప్పటికి అఫునాక్వా లేదు. 1998లో చనిపోయింది.

ఇందులో దొంగతనం ఎక్కడుంది అని అడిగితే చట్టం దగ్గర జవాబు దొరకదు. కాపీరైటు ‘రచయిత’ని గుర్తిస్తుంది. నోటి నుంచి నోటికి వచ్చిన పాట ‘సంప్రదాయం’. సంప్రదాయం అంటే చట్టం లెక్కలో ఎవరిదీ కాదు. దానికి కొత్త హంగులు కూర్చినవాడు మాత్రం రచయిత అవుతాడు, రాయల్టీ తీసుకుంటాడు. జోలపాట విషయంలో ఈ తర్కం ఇంకా సులువుగా పనిచేస్తుంది. బిడ్డను నిద్రపుచ్చడం పనిగా లెక్కకు రానప్పుడు, నిద్రపుచ్చుతూ కట్టిన పాట రచనగా ఎలా లెక్కకొస్తుంది? ఇంటి చాకిరీ గురించి మనం ఏళ్లుగా చెబుతున్న మాటని ఇక్కడ రికార్డు కంపెనీల లెక్కల పుస్తకాలు రుజువు చేస్తున్నాయి.

ఇది పడమటి వాళ్ల పాపమే అనుకోనక్కర్లేదు. మన స్త్రీల పాటల సంపుటాల అట్టల మీద ఉండేది సేకర్త పేరు. పాడిన ఆవిడ ఫలానా జిల్లా ముత్తైదువ. అదే టేప్ రికార్డరు ఇంకో రకంగా పనిచెయ్యగలదని స్త్రీ శక్తి సంఘటన 1986లోనే చూపించింది. ‘మనకు తెలియని మన చరిత్ర’లో తెలంగాణ సాయుధ పోరాటపు స్త్రీలు తమ మాటల్లో, తమ పేర్లతో మాట్లాడతారు. మల్లు స్వరాజ్యం స్వరాజ్యంగానే, కమలమ్మ కమలమ్మగానే ఉంటారు. అడిగినవాళ్లు పక్కకి తప్పుకుంటారు.

పేరుని తానే యంత్రంలోకి ఎక్కించిన స్త్రీ కూడా ఉంది. 1902 నవంబరులో కలకత్తాలో గ్రామఫోన్ కంపెనీ కోసం పాడిన గౌహర్ జాన్, పాట చివర తన పేరు ఇంగ్లీషులో గట్టిగా చెప్పేది. మైనపు పళ్లేలు జర్మనీలోని హానోవర్‌కి వెళ్లాక అక్కడి పనివాళ్లు చీటీ సరిగ్గా అంటించడానికే ఆ ఏర్పాటు. అందుకే నూటపాతికేళ్లవుతున్నా ఆమె పేరుని పాట నుంచి ఎవరూ విడదియ్యలేకపోయారు. అయితే ఆమె తవాయిఫ్. మూడు నిమిషాల పాటకి ఎంత తీసుకోవాలో తెలిసిన వృత్తి కళాకారిణి. అఫునాక్వా ముందు బేరమనే మాటే రాలేదు.

యంత్రం ఆడవాళ్ల చేతిలో ఉంటే? 1963లో బీబీసీలో ‘డాక్టర్ హూ’ ముఖగీతానికి శబ్దరూపం ఇచ్చిన డెలియా డెర్బీషైర్‌కి తెర మీద పేరు పడింది 2013లో. ఆమె చనిపోయిన పన్నెండేళ్లకి. సహారాలోని తువారెగ్ ప్రజల మీద తీసిన డాక్యుమెంటరీకి ఆమె ఒక దీపపు రేకు మోతనీ, తన గొంతునీ వాడి ఎడారిని వినిపించింది. తువారెగ్‌లలో ఇంజాద్ అని ఒంటితీగ వాద్యం ఉంది, అది వాయించేది ఆడవాళ్లే. ఆమె రచనలో అది లేదు. రెండు వైపులా ఆడవాళ్లున్నా దారులు కలవలేదు.

దారులు కలిసిన చోటు అహ్మదాబాద్. విక్రమ్ సారాభాయ్ చెల్లెలు గీత (1922–2011) పఖావజ్ నేర్చుకుంది. ఆడవాళ్లు చర్మవాద్యం ముట్టడమే వింతగా చూసిన రోజులవి. మృదంగం వాయించే దండమూడి సుమతికి 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు కూడా ‘మహిళ అయి ఉండి’ అన్న ఆశ్చర్యం మన పత్రికల్ని వదల్లేదు. గీత 1946లో న్యూయార్క్ వెళ్లి జాన్ కేజ్ దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకుని, బదులుగా ఆయనకి భారతీయ సంగీతం నేర్పింది. సంగీతం మనసుని నెమ్మదింపజేయడానికి అన్న ఆలోచన ఆమె తన గురువు దగ్గర విన్నది. అది కేజ్ జీవితాన్నే మార్చింది. కేజ్ ఆమె పేరు చెప్పుకున్నాడు కూడా. ఆయన మీద రాసినవాళ్లలో చాలామందికి మాత్రం ఆమె తూర్పు నుంచి కబురు మోసుకొచ్చిన అమ్మాయి, అంతే. ఆ తర్వాత ఆమె ఏం చేసిందో వాళ్లకి అక్కర్లేదు.

చేసింది ఇది. 1969లో అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో డేవిడ్ ట్యూడర్ వచ్చి మూగ్ సింథసైజర్‌తో స్టూడియో ఏర్పాటు చేసినప్పుడు, అక్కడ పనిచేసిన కొద్దిమంది భారతీయుల్లో గీత ఒకరు. పఖావజ్ తెలిసిన చేతులు మూగ్ మీటల మీద పడ్డాయి. తాళం తెలిసిన మనిషి, ఎవరి గొంతూ అరువు తెచ్చుకోకుండా, యంత్రంతో నేరుగా మాట్లాడింది. ఆ స్టూడియో మూడు నాలుగేళ్లే నడిచింది. టేపులు సంస్థ గ్రంథాలయంలో దాదాపు యాభయ్యేళ్లు పడి ఉన్నాయి. లండన్‌లో ఉండే పాల్ పర్గస్ అనే సంగీతకారుడు వాటిని వెతికి, బాగుచేయించి, 2020లో బీబీసీ రేడియోలో వాటి కథ చెప్పాడు. 2023లో ఆ రచనలు రికార్డుగా వెలువడ్డాయి. అందులో గీతవి కూడా ఉన్నాయి, ఆమె పేరుతోనే.