నినాద వస్త్రాలు, లైంగిక హింసపై చైతన్యం: కర్నూలు, కడప జిల్లాల నేపథ్యం

ఒక మాటను, ఆరోపణను, డిమాండును అచ్చువేసి ఒంటిమీద వేసుకునే బట్టలను నినాద వస్త్రాలు అంటారు. అక్షరాలేమీ లేకపోయినా నిరసన కోసమే ఎంచుకుని కట్టుకున్న బట్టలూ ఈ కోవలోకే వస్తాయి. లైంగిక హింసకు వ్యతిరేకంగా వీటిని వాడటం 1990 తర్వాత అమెరికా, కెనడా, ఇటలీ వంటి దేశాల్లో పెరిగింది. చూసినవాళ్లు ఉలిక్కిపడేలా రాసిన మాటలు నిజంగా చైతన్యం తెస్తాయా, లేక బాధితురాలిని మరింత నలుగురి నోట్లో పడేస్తాయా అన్న చర్చ అప్పటినుంచీ సాగుతోంది. తెలుగునాట ఈ చర్చ చొక్కా మీది అక్షరాలతో మొదలుకాలేదు. పైట, వోణీ, చున్నీ, శీలం అన్న మాటలతో మొదలైంది. అందులో కర్నూలు జిల్లాకు తొలినాళ్లలోనే చోటుంది. చట్టాన్ని, మర్యాదను పాటిస్తూ ఈ వ్యాసంలో బాధితుల పేర్లు ఇవ్వలేదు.

ప్రపంచ నేపథ్యం

1990 అక్టోబరు 8న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం హయానిస్ పట్టణంలో 31 చొక్కాలను తాడు మీద ఆరేశారు. హింసకు గురైన స్త్రీలు తమ కథను తామే ఆ చొక్కాల మీద రాసుకున్నారు, బొమ్మలు గీసుకున్నారు. చనిపోయినవారికి తెల్ల చొక్కా, అత్యాచారానికి గురైనవారికి ఎరుపు, గులాబీ, నారింజ రంగులు అని గుర్తులు పెట్టుకున్నారు. ‘క్లోత్స్‌లైన్ ప్రాజెక్ట్’గా పేరొందిన ఈ పద్ధతి తర్వాత ఎన్నో దేశాలకు పాకింది. చొక్కాను ఎవరూ తొడుక్కోనక్కర లేకపోవడం దీనిలో ముఖ్యమైన సంగతి. మాట బయటికొస్తుంది, మనిషి మరుగునే ఉంటుంది.

1998లో ఇటలీ అత్యున్నత న్యాయస్థానం ఒక అత్యాచార కేసులో శిక్షను కొట్టేసింది. బిగుతైన జీన్స్‌ను ఆమె సాయం లేకుండా తీయడం సాధ్యం కాదన్నది ఆ తీర్పులోని ఒక కారణం. ఇటలీ మహిళా పార్లమెంటు సభ్యులు జీన్స్ వేసుకుని నిరసన తెలిపారు. మరుసటి ఏడాది లాస్ ఏంజిలిస్‌లో ‘డెనిమ్ డే’ మొదలైంది. 2008లో అదే న్యాయస్థానం మరో కేసులో జీన్స్ వాదనను తోసిపుచ్చింది. అదే ఏడాది అమెరికా రచయిత్రి జెన్నిఫర్ బామ్‌గార్డ్‌నర్ ‘నేను అత్యాచారానికి గురయ్యాను’ అన్న మాటను టీషర్టు మీద అచ్చువేయించారు. ఇది ధైర్యమని కొందరు మెచ్చుకున్నారు. గాయాన్ని సంతసరుకు చేశారని మరికొందరు బాధపడ్డారు.

2011 జనవరిలో టొరంటోలో ఒక పోలీసు అధికారి, ఆడవాళ్లు వేసుకునే బట్టల్లోనే తప్పుందన్నట్టు విద్యార్థుల ముందు మాట్లాడాడు. ఏప్రిల్ 3న వేలమంది వీధుల్లోకి వచ్చారు. ఆ నడకకు ‘స్లట్ వాక్’ అని పేరు పెట్టారు. ఆడదాన్ని తిట్టే మాటనే జెండాగా ఎత్తుకోవడం అందులోని ఆలోచన. భారతదేశంలో ఆ ఇంగ్లిష్ తిట్టు జనానికి అందదని గ్రహించిన నిర్వాహకులు, జూలై 31న ఢిల్లీలో జరిపిన నడకకు ‘బేశర్మీ మోర్చా’ అని పేరు మార్చారు. నినాదం ఊరి భాషలో లేకపోతే కదలదని అప్పుడే తేలింది.

రాయలసీమకు పక్కనే ఉన్న బెంగళూరులో జాస్మిన్ పథేజా 2003లో ‘బ్లాంక్ నాయిస్’ ఉద్యమాన్ని మొదలుపెట్టారు. వేధింపు జరిగినప్పుడు తాము వేసుకున్న బట్టలను స్త్రీల దగ్గర సేకరించడం ఈ ఉద్యమంలో ఒక భాగం. అందులో చీరలు, సల్వార్లు, స్కూలు యూనిఫారాలు అన్నీ ఉన్నాయి. ఏ బట్టా ఎవరినీ కాపాడలేదని, ఏ బట్టా ఎవరినీ పిలవలేదని చూపించడానికి అక్షరం అవసరం రాలేదు.

తెలుగునాట: 1978 నుంచి

1978 మార్చి చివర్లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక ముస్లిం యువతిపై పోలీసులు అత్యాచారం చేశారు. అడ్డుకోబోయిన ఆమె భర్తను కొట్టారు, అతను చనిపోయాడు. ఆయన రిక్షా కార్మికుడు, ఆమె సొంత ప్రాంతం కర్నూలు జిల్లా నందికొట్కూరు. హైదరాబాద్ అంతా భగ్గుమంది, కాల్పులు జరిగాయి. ప్రభుత్వం జస్టిస్ ముక్తదార్ కమిషన్‌ను వేసింది. విచారణలో పోలీసుల తరఫువారు ఆమె శీలాన్నే బోనెక్కించారు, ఆమెను వ్యభిచారిగా చిత్రించారు. కమిషన్ పోలీసులను దోషులుగా తేల్చినా, రాయచూరుకు బదిలీ అయిన కేసులో 1981లో కోర్టు వాళ్లను విడిచిపెట్టింది. అదే 1978లో ఠాణాలో అత్యాచారం జరిగిన మరో కేసులో సుప్రీంకోర్టు తీర్పు కూడా వచ్చింది. ఈ రెండు కేసుల మీద దేశమంతటా జరిగిన పోరాటం 1983లో అత్యాచార చట్టాన్ని మార్చింది. ఠాణాలో జరిగే అత్యాచారం ప్రత్యేక నేరమైంది. బాధితురాలి పేరు బయటపెట్టడం శిక్షార్హమైంది. హైదరాబాద్‌లో స్త్రీ శక్తి సంఘటన పుట్టింది కూడా 1978లోనే. ఇంత కదలికకు కరపత్రం, సభ, ఊరేగింపు సాధనాలయ్యాయి.

1980లలో బట్టే చర్చలోకి వచ్చింది. జయప్రభ రాసిన ‘పైటను తగలెయ్యాలి’ కవిత, పైటే అణచివేతకు గుర్తని వాదించింది. శీర్షికే నినాదమైంది, సాహిత్య లోకం రెండుగా చీలింది. స్త్రీవాద కవిత్వాన్ని బూతు కవిత్వమని దూషించినవాళ్లున్నారు. 1993లో ఓల్గా సంపాదకత్వంలో ఆ కవితల సంకలనం ‘నీలిమేఘాలు’ వచ్చింది. ఒంటిమీద వేసుకోకుండానే, కాగితం మీద నిలిచి, ఒక తెలుగు తరాన్ని ఉలిక్కిపడేలా చేసిన నినాదం ‘పైటను తగలెయ్యాలి’ అన్నదే. దాని బలం రెచ్చగొట్టడంతో ఆగలేదు. ఆ మాట వెనక వాదన ఉంది, వాదన వెనక చదివే గుంపులు, మాట్లాడుకునే సభలు ఉన్నాయి.

2011 డిసెంబరు చివర్లో అప్పటి ఉమ్మడి రాష్ట్ర డీజీపీ వి. దినేశ్ రెడ్డి, అత్యాచారాలు పెరగడానికి ఆడవాళ్ల ఫ్యాషన్ దుస్తులు కూడా కారణమన్నట్టు మాట్లాడారు. దేశమంతటా విమర్శలొచ్చాయి. ఏడాది తిరక్కుండానే 2012 డిసెంబరు 16న ఢిల్లీ బస్సులో సామూహిక అత్యాచార ఘటన జరిగింది. జస్టిస్ వర్మ కమిటీ సిఫార్సుల తర్వాత 2013లో చట్టం మళ్లీ మారింది.

2018 ఏప్రిల్ 7న హైదరాబాద్ ఫిల్మ్ ఛాంబర్ ముందు నటి శ్రీరెడ్డి అర్ధనగ్నంగా కూర్చుని, సినిమారంగంలో లైంగిక దోపిడీని ప్రశ్నించారు. బట్ట తీసేయడమే అక్కడ నినాదం. 2004 జూలై 15న ఇంఫాల్‌లోని కాంగ్లా కోట ముందు 12 మంది మణిపురి తల్లులు నగ్నంగా చేసిన నిరసన చాలామందికి గుర్తొచ్చింది. మొదట నటీనటుల సంఘం శ్రీరెడ్డిపై నిషేధం ప్రకటించింది, తర్వాత వెనక్కి తీసుకుంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ నోటీసులిచ్చింది. పరిశ్రమ ఫిర్యాదుల కమిటీ వేస్తామంది, 2019లో తెలంగాణ ప్రభుత్వం మరో కమిటీని నియమించింది. ఆ కమిటీ నివేదికను బయటపెట్టాలని 2024లో నటి సమంత బహిరంగంగా కోరాల్సి వచ్చింది. ఒక్క రోజు నిరసన తలుపు తెరిపించగలిగింది. నివేదికను బయటికి తేలేకపోయింది.

2019లో హైదరాబాద్ సెయింట్ ఫ్రాన్సిస్ మహిళా కళాశాల, మోకాళ్ల కిందికి దిగే కుర్తాలే వేసుకోవాలని నిబంధన పెట్టింది. విద్యార్థినులు గేటు ముందు ఆందోళన చేశాక నిబంధనను వెనక్కి తీసుకుంది.

కర్నూలు, కడప జిల్లాల్లో

ఈ ఎండసీమలో బట్టతో మాట చెప్పడం కొత్తేమీ కాదు. పార్టీ ఏదో మెడలోని కండువా చెబుతుంది, అభిమానం ఎవరిమీదో కుర్రాడి టీషర్టు చెబుతుంది. ఆడమనిషి ఒంటిమీద మాత్రం చాలాకాలం ఊరే తనకిష్టమొచ్చిన మాట రాసింది. ఆదోని వైపు సాగిన బసివి ఆచారంలో దేవుడి పేరు చెప్పి ఆడపిల్ల మెడలో కట్టిన గుర్తు, ఆమె శరీరం ఊరిదని చాటే ప్రకటన అయింది. 1988లో చట్టం దీన్ని నిషేధించింది. ఒంటిమీది రాతను ఎవరు రాశారన్నదే అసలు ప్రశ్న అని ఈ ఆచారం గుర్తుచేస్తుంది.

2017 ఆగస్టులో కర్నూలు శివారులోని ఒక రెసిడెన్షియల్ పాఠశాలలో విద్యార్థిని మృతిచెందింది. లైంగిక దాడి చేసి చంపారని తల్లిదండ్రులు ఆరోపించారు. ఏళ్ల తరబడి ధర్నాలు, కొవ్వొత్తుల ప్రదర్శనలు, ఫ్లెక్సీలతో ఆ కుటుంబం, గిరిజన సంఘాలు, విద్యార్థి సంఘాలు న్యాయం అడుగుతూ వచ్చాయి. 2020 ఫిబ్రవరి 12న పవన్ కల్యాణ్ కర్నూలులో పెద్ద ర్యాలీ జరిపారు. ఇక్కడ చైతన్యం తెచ్చింది చేతిలోని ప్లకార్డు, దాన్ని దించకుండా నిలబడిన తల్లిదండ్రుల మొండితనం.

2024 జూలైలో ఉమ్మడి కర్నూలు జిల్లాలో తొమ్మిదేళ్ల బాలిక అదృశ్యమైన కేసులో పోలీసులు పట్టుకున్నది బడికి పోయే వయసు పిల్లల్ని. అదే ఏడాది అక్టోబరులో బద్వేలు సమీపంలో ఇంటర్ విద్యార్థినికి నిప్పంటించాడన్న కేసులో అరెస్టయినవాడు ఆమెకు చిన్నప్పటినుంచీ తెలిసినవాడు. ఉమ్మడి కడప జిల్లా నుంచి కువైట్‌కు ఇళ్లలో పనికి వెళ్లే స్త్రీలకు ప్రమాదం యజమాని ఇంటి నాలుగు గోడల మధ్య ఎదురవుతుంది. జాతీయ నేర రికార్డుల ప్రకారం ఏటా 90 శాతానికి పైగా అత్యాచార కేసుల్లో నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. పరాయివాణ్ణి రెచ్చగొట్టే బట్ట అన్న మాటకు ఇక్కడ ఆధారమే లేదు.

2024 ఆగస్టులో కోల్‌కతా వైద్యురాలి హత్యాచారంపై రాష్ట్రమంతటా జూనియర్ డాక్టర్లు విధులు బహిష్కరించినప్పుడు కర్నూలు సర్వజన ఆసుపత్రి వైద్యులూ అందులో ఉన్నారు. రోజూ తొడుక్కునే తెల్ల కోటే ఆ నిరసనకు గుర్తయింది. ఒక్క అక్షరం రాయకపోయినా రోగులకు, వాళ్ల వెంట వచ్చినవాళ్లకు విషయం తెలిసిపోయింది.

కోర్టుల్లో బట్ట

బాధితురాలి నడవడికను నేరానికి సాకుగా చూపే వీలు చట్టంలో చాలాకాలం ఉంది. ఆమె శీలహీన అని చూపి సాక్ష్యాన్ని కొట్టేయించే సాక్ష్య చట్టం నిబంధనను 2003 నాటికి తొలగించారు. 2021 జనవరిలో బాంబే హైకోర్టు నాగపూర్ ధర్మాసనం, బట్ట మీదుగా తాకితే పిల్లల రక్షణకున్న పోక్సో చట్టం కింద లైంగిక దాడి కాదంది. అదే ఏడాది నవంబరు 18న సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దుచేసింది. 2022 ఆగస్టులో కేరళలోని కోజికోడ్ కోర్టు, ఫిర్యాదుదారు రెచ్చగొట్టే దుస్తులు వేసుకుందని బెయిలు ఉత్తర్వులో రాసింది. ఆ మాటల్ని కేరళ హైకోర్టు తొలగించింది. అదే ఏడాది అక్టోబరు 31న, అత్యాచార బాధితులకు రెండు వేళ్ల పరీక్ష చేసేవారు దుష్ప్రవర్తనకు పాల్పడినట్టేనని సుప్రీంకోర్టు చెప్పింది.

ప్రభావంపై వాదనలు

నినాద వస్త్రాలను సమర్థించేవారి ప్రధాన వాదన మౌనం గురించి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, శారీరక లేదా లైంగిక హింసకు గురైన స్త్రీలలో 77 శాతం మంది ఎవరికీ చెప్పలేదు, సాయమూ కోరలేదు. ఈ మౌనం పగలాలంటే ఎవరో ఒకరు ముందు పైకి అనాలి, చొక్కా ఆ పని చేస్తుందని వారంటారు.

వ్యతిరేకించేవారి మాటలోనూ బలముంది. హైదరాబాద్‌లో జనంలో కలిసిపోగల అమ్మాయి ప్రొద్దుటూరులోనో, ఆళ్లగడ్డలోనో కలిసిపోలేదు. అక్కడ అందరికీ ఆమె ఫలానావాళ్ల బిడ్డ. ‘నాపై అత్యాచారం జరిగింది’ అన్న చొక్కా అక్కడ ఆమెను మాత్రమే కాదు, ఇంటి మొత్తాన్ని సంతలో నిలబెడుతుంది. తన పేరు బయటపెట్టుకునే హక్కు చట్టం వయసొచ్చిన బాధితురాలికే ఇచ్చింది. చెప్పాలో వద్దో ఆమే తేల్చుకోవాలి, ఉద్యమం తేల్చకూడదు. ఇంగ్లిష్‌లో అచ్చయిన నినాదాన్ని చదవగలిగేవాళ్లు ఆ వీధిలో కొద్దిమందే ఉంటారు. పైగా అచ్చు నినాదం అటూ ఇటూ తిరుగుతుంది. 2013లో ‘కీప్ కామ్’ వాక్యాన్ని అత్యాచారాన్ని ప్రోత్సహించే మాటగా మార్చిన టీషర్టులు అమెజాన్‌లో అమ్మకానికొచ్చి, గగ్గోలు పుట్టాక మాయమయ్యాయి.

అర్ధ శతాబ్దపు చరిత్ర చెప్పే తీర్పు ఇది. బట్ట మీది నినాదం ఒంటరిగా దేన్నీ మార్చలేదు. దాని వెనక సంఘం, కేసు, చట్టసవరణ డిమాండు ఉన్న ప్రతిచోటా అది పనికొచ్చింది. బాధితురాలి ఒంటిమీద భారం మోపిన నినాదం కన్నా, ‘ఏం బట్టలు వేసుకున్నావు’ అని అడిగేవాడి ప్రశ్నను తప్పుపట్టిన నినాదం ఎక్కువకాలం నిలిచింది. 2019 డిసెంబరు 13న లైంగిక హింసపై ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆమోదించిన దిశ బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం దొరకలేదు. గొప్ప పేరున్నంత మాత్రాన పని జరగదనడానికి అదీ ఒక ఉదాహరణే.

సాయం

ఆపదలో 112, మహిళలకు 181, పిల్లలకు 1098 నంబర్లు పనిచేస్తాయి. జిల్లాల్లోని సఖి వన్ స్టాప్ సెంటర్లలో వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా ఒకేచోట దొరుకుతాయి. నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయించవచ్చు. అత్యాచార ఫిర్యాదును నమోదు చేయని అధికారి శిక్షార్హుడు. ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటు ఆసుపత్రి అయినా బాధితురాలికి ఉచితంగా వెంటనే వైద్యం చేయాలి. మీ దగ్గరికి వచ్చి ఒక స్త్రీ గానీ, పిల్ల గానీ నోరు విప్పితే, అప్పుడు ఏం బట్టలు వేసుకున్నావని అడగవద్దు. నమ్మండి, తోడుగా వెళ్లండి.