మౌలానా పోస్టు చేయని ఖతులు

కళ దిల్‌కు దవా అవుతుందా అని ఎవరైనా అడిగితే నాకు గుర్తొచ్చే మిసాల్ మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ 'గుబారె ఖాతిర్'. ఉర్దూ మీడియం బడిలో మాకు దాన్ని మంచి ఇబారత్ కోసం చదివించారు. నేనిప్పుడు దాన్ని చదివేది అందులోని దర్ద్ కోసం.

1942 ఆగస్టు 9న బొంబాయిలో కాంగ్రెస్ వర్కింగ్ కమిటీని గిరఫ్తార్ చేసి అహ్మద్‌నగర్ ఖిల్లాలో పెట్టారు. అప్పుడు పార్టీ సదర్ మౌలానాయే. మొదట్లో అఖ్బార్ లేదు, ఇంటి నుంచి ఖబర్ లేదు. ఆయన తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకే లేచి, తన చాయ్ తానే కాచుకుని, దోస్త్ హబీబుర్రహ్మాన్ ఖాన్ షెర్వానీకి ఖతులు రాసేవారు. ఈ షెర్వానీ సాహెబ్ మన హైదరాబాద్‌కు కొత్తవారేం కాదు. నిజాం సర్కారులో సద్రుస్సుదూర్, ఉస్మానియా యూనివర్సిటీకి తొలి వైస్ ఛాన్సలర్.

ఆ ఖతులు దోస్త్‌కు చేరే రాస్తా లేదని తెలిసే రాశారు. చాయ్ గురించి, సంగీతం గురించి, గదిలో గూడు కట్టిన పిచ్చుకల గురించి. ముందు వాటితో జంగ్, తర్వాత సులహ్. బియ్యం గింజలు వేసి మచ్చిక చేసుకుని, ఒకదానికి ఖలందర్, ఇంకోదానికి ముల్లా అని పేర్లు కూడా పెట్టారు.

ఇంతలో కలకత్తాలో బేగం జులేఖాకు జబ్బు ముదిరింది. సర్కారుకు ఏమైనా చెప్పుకుంటే వెంటనే పంపుతానన్నాడు జైలు అధికారి. దరఖాస్తు పెట్టనన్నారు మౌలానా. 1943 ఏప్రిల్ 9న ఇంతెకాల్ ఖబర్ వచ్చింది. 36 ఏళ్ల కాపురం. జనాజాకు భుజం పట్టే నసీబ్ కూడా లేదు.

రెండు రోజులకు, ఏప్రిల్ 11న మళ్లీ కలం పట్టారు. పైకి నిబ్బరంగా ఉంటూ లోపల ఎంత నలిగారో ఆ ఖత్‌లో చెప్పుకున్నారు. ఖిల్లా ఆవరణలో ఎవరిదో ఒక పాత ఖబర్ ఉంది. అన్నాళ్లూ చూసిన ఆ సమాధే ఇప్పుడు తనకు దగ్గరిదైందని రాశారు. సాటి ఖైదీల ముందు చూపించని గమ్‌ను కాగితం మీద పెట్టారు. జులేఖా తిరిగి రాలేదు. కానీ దర్ద్‌కు ఒక రూపం వచ్చింది, దాన్ని మోయడానికి ఒక పట్టు దొరికింది.

అదే ఖిల్లాలో నెహ్రూ 'డిస్కవరీ ఆఫ్ ఇండియా' రాశారు. మన పట్టాభి సీతారామయ్యగారు 'ఫెదర్స్ అండ్ స్టోన్స్' రాశారు. అదే 1942లో ఇంగ్లండులో ఏడ్రియన్ హిల్ అనే ముసవ్విర్, టీబీ శానిటోరియంలో బొమ్మలు వేస్తూ తానెలా తేరుకున్నాడో చూసుకుని, ఈ ఇలాజ్‌కు 'ఆర్ట్ థెరపీ' అని పేరు పెట్టాడు. మౌలానాకు ఆ పేరుతో పని పడలేదు.

1945లో రిహా అయ్యి కలకత్తా చేరాక ఆయన ముందు బేగం సమాధికే వెళ్లారు. స్వాగతానికి తెచ్చిన పూలదండ ఒకటి దానిమీద ఉంచి ఫాతిహా చదివారు. ఖతులు 1946లో కితాబ్‌గా వచ్చాయి.

మీ ఇంట్లో ఎవరైనా గమ్‌లో మూగబోయి ఉంటే, సబ్ర్ చేయమని చెప్పడంతో ఆగకండి. ఒక కాగితం, కలం కూడా దగ్గర పెట్టండి. ఇబారత్ బాగుండాలని షర్త్ ఏమీ లేదు.