జ్వరం ఏ ఊళ్లో వచ్చింది?

మా నాన్న స్పిన్నింగు మిల్లు కార్మికుడు. జ్వరమొచ్చి మంచమెక్కితే ఈఎస్ఐ డిస్పెన్సరీలో సర్టిఫికెట్ రాయించుకొచ్చేవాడు. కొన్నాళ్లకు జీతంలో కొంత చేతికొచ్చేది. 1948 నాటి చట్టం అది. తిప్పలు లేకపోలేదు గానీ, జబ్బుపడ్డవాడికి ఎంతో కొంత దక్కాలన్న మాట కాగితం మీదైనా ఉంది.

అమెరికాలో ఇంకా గట్టిగా ఉంటుందనుకున్నాను. 2016లో న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఒక ఇండియన్ కిరాణా షాపులో చేరాను. చలికాలంలో 102 జ్వరంతో ఫోన్ చేస్తే, మనవాడే అయిన ఓనరు ఎంతో మర్యాదగా, "పడుకో అమ్మా, ఈరోజు గంటలు వేయనులే" అన్నాడు. అంటే డబ్బులు లేవు. ఆయన తప్పిన చట్టమూ ఏదీ లేదు. రైలెక్కితే గంటలోపు చేరే న్యూవార్క్‌లో అయితే తప్పేది కాదు, ఇవ్వాల్సిందే. ఆ నగరం అప్పటికే సొంతంగా చట్టం చేసుకుంది.

ఈ దేశం తీరే అంత. ఢిల్లీలో చట్టమైతే దేశమంతా వర్తిస్తుందన్నది మన అలవాటు. ఇక్కడ వాషింగ్టన్ నుంచి వచ్చింది 1993లో క్లింటన్ సంతకం చేసిన చట్టం: 12 వారాల సెలవు, ఉద్యోగం పోదు, జీతం రాదు. అదీ కనీసం 50 మంది పనిచేసే సంస్థల్లోనే. జీతంతో కూడిన సిక్ లీవ్‌ను మొట్టమొదట తెచ్చింది శాన్‌ఫ్రాన్సిస్కో ఓటర్లు, 2006 నవంబరులో. 30 గంటల పనికి ఒక గంట సెలవు.

దొంగ జ్వరాలు పెరిగిపోతాయని యజమానులు, ముఖ్యంగా హోటళ్ల వాళ్లు గగ్గోలు పెట్టారు. కొన్నేళ్లకు సర్వే చేస్తే తేలిందేమిటి? పెద్ద సంస్థల్లో ఏడాదికి 9 రోజుల దాకా ఉన్నా మామూలుగా వాడుకున్నది 3. నాలుగో వంతు మంది ఒక్క రోజూ వాడలేదు. ఏడుగురు యజమానుల్లో ఆరుగురు లాభాలకేమీ దెబ్బ తగల్లేదన్నారు.

ఎలా సర్దుకున్నారంటే, చాలామంది పెద్దగా చేసిందేమీ లేదు. వెకేషన్ సెలవునూ జబ్బు సెలవునూ ఒకే మూటగట్టి 'పీటీఓ' అని పేరు పెట్టారు కొందరు; చట్టం అడిగినన్ని రోజులుంటే అది చెల్లుతుంది. గంటలు లెక్కపెట్టే తలనొప్పి ఎందుకని జనవరిలోనే మొత్తం ఇచ్చేశారు ఇంకొందరు. రానివాడి పని పక్కవాడి మీద పడేది. కొత్త మనిషిని పెట్టింది తక్కువ. (పక్కవాడి మీద పడ్డ ఆ భారాన్ని లాభనష్టాల పట్టీలో ఎవరూ రాయరు.) 2018 అక్టోబరు 29న న్యూజెర్సీ అంతటా చట్టం అమల్లోకి వచ్చాక మా ఓనరు చేసింది, నోటీసు ప్రింటు తీసి కోల్డ్ రూం తలుపుకి అంటించడం. అక్కడ నిలబడి చదివే ఓపిక ఎవరికీ లేదు. ఏడాదంతా పోగైన గంటల్లో నేను వాడింది సున్నా.

అసలు పోరాటం షాపుల్లో జరగలేదు, రాష్ట్ర రాజధానుల్లో జరిగింది. మిల్వాకీ ఓటర్లు 2008లో గెలిపించుకున్న చట్టాన్ని విస్కాన్సిన్ శాసనసభ 2011లో చెల్లకుండా చేసింది. టెక్సాస్‌లో ఆస్టిన్ నగరం 2018లో చట్టం చేస్తే, జీతంతో సెలవంటే కనీస వేతనం పెంచడమేననీ, ఆ అధికారం నగరానికి లేదనీ అప్పీలు కోర్టు తేల్చింది. మనవాళ్లు అంతమంది ఉంటున్న డాలస్‌లోనూ కోర్టే అడ్డుపడింది.

మిజోరీది మరీ విడ్డూరం. 2024 నవంబరులో సుమారు 58 శాతం ఓటర్లు జీతంతో సిక్ లీవ్‌కు అవునన్నారు. 2025 మే 1న సిక్ లీవ్ మొదలైంది. శాసనసభ రద్దు చేయడంతో ఆగస్టు 28తో ముగిసింది. అక్కడ డేకేర్‌లో వారానికి 30 గంటలు చేసే మా పిన్ని కూతురికి ఆ నాలుగు నెలల్లోపు 17 గంటలు పోగయ్యాయి. పిల్లాడికి చెవిపోటొచ్చి 5 వాడింది. మిగతా 12 ఉంచడం, తీసేయడం ఇక యజమాని ఇష్టం. అడిగితే ఎక్కడ గుర్తుచేసినట్టవుతుందోనని అది ఇంతవరకూ అడగలేదు.