నాలుగు బల్లల పోరు: చదరంగ ఒలింపియాడ్‌లో హారిక

తెలంగాణ ప్రాంతం నుండి కూలికై వలస వెళ్ళిన కామాటీల పేరిట ముంబయిలో కామాటిపుర వెలసినది. దానికి చేరువనే గల గిర్గాం ‘నవాకాళ్’ అను మరాఠీ దినపత్రికకు నెలవు. ఆ పత్రికను నడిపిన ఖాడిల్కర్ కుటుంబపు ఆడపడుచు వాసంతి 1974లో తొలి జాతీయ మహిళా చదరంగ విజేతగా నిలిచారు. అనంతరం ఆమె సోదరీమణులు జయశ్రీ, రోహిణి ఆ కిరీటాన్ని పలుమార్లు గెలుచుకొన్నారు. తరువాతి తరంలో ఆ బాధ్యతను మోసినవారిలో ఇద్దరు తెలుగువారు: కోనేరు హంపి, గుంటూరుకు చెందిన ద్రోణవల్లి హారిక.

మహిళల చదరంగ ఒలింపియాడ్ 1957లో నెదర్లాండ్స్‌లోని ఎమెన్ నగరంలో ఆరంభమైనది. ఇది దేశాల జట్ల పోటీ. 2008 నుండి ప్రతి రౌండులో నలుగురు ఆడుతున్నారు. ఒక్కొక్క బల్లపై గెలుపునకు ఒక పాయింటు, డ్రా అయితే అర పాయింటు. నాలుగు బల్లల మొత్తంలో ఆధిక్యం పొందిన జట్టుకు 2 మ్యాచ్ పాయింట్లు. సమానమైతే చెరి ఒకటి. మొదటి బల్లపై కూర్చున్నవారికి సాధారణంగా ఎదుటి దేశపు మేటి క్రీడాకారిణియే ప్రత్యర్థి.

హారిక 2004లో, పదమూడవ ఏట తొలి ఒలింపియాడ్ ఆడారు. 2022లో మామల్లపురంలో నిండు గర్భిణిగా ఆడి జట్టుతో పాటు కాంస్యం అందుకొన్నారు. 2024 సెప్టెంబరులో బుడాపెస్టుకు వెళ్ళిన జట్టులో హంపి లేరు. మొదటి బల్ల భారం హారికపై పడినది. ఎనిమిదవ రౌండులో పోలండు చేతిలో భారత్ ఓడినది. ఆనాడు హారిక కూడ అలీనా కష్లిన్‌స్కాయాకు తలవంచారు.

చివరిదైన పదకొండవ రౌండునకు భారత్, కజకస్తాన్ 17 పాయింట్లతో సమానం. అజర్‌బైజాన్‌తో జరిగిన ఆ పోరులో హారిక గునాయ్ మమ్మద్‌జాదాను ఓడించారు. దివ్య దేశ్‌ముఖ్, వంతిక అగ్రవాల్ గెలిచారు. వైశాలి డ్రా చేశారు. భారత్ 3.5-0.5 తేడాతో నెగ్గగా, కజకస్తాన్ అమెరికాతో సమానంగా ముగించినది. 19 పాయింట్లతో భారత మహిళలకు ఒలింపియాడ్‌లో తొలి స్వర్ణం లభించినది.

వ్యక్తిగత స్వర్ణాలు దివ్యకు, వంతికకు దక్కినవి, హారికకు రాలేదు. మేటి ప్రత్యర్థులను తానెదుర్కొని, క్రింది బల్లలవారికి గెలుపు బాట వేయుటయే మొదటి బల్ల ధర్మం.

ఈ ఆటకు మైదానం అక్కరలేదు. చాళ్ళలోని ఇరుకు గదిలోనైనా ఒక బల్ల, 32 పావులు, ఎదుట కూర్చునే తోడు ఉంటే చాలు. గిర్గాం ఆడపిల్లలకు ఇల్లే అండగా నిలిచినది. కామాటిపుర ఆడపిల్లలకు ఆ అండను బడులు, తెలుగు సంఘాలు అందించవలసి ఉన్నది.